మూడు స్టార్లు ఇచ్చినవాళ్లు ఏమన్నారు?

పోయిన దసరాకు ముందు తిరుపతి తిలక్ రోడ్డులో నాకు బాగా తెలిసిన ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో కూర్చుని ఉన్నాను. పండగ ఆఫర్లకు ఫ్లెక్సీ రాయాలి, పాంప్లెట్ రాయాలి, ఆటోలో తిప్పే మైకుకు నాలుగు ముక్కలు రాయాలి. పదిహేడేళ్లుగా ఈ ఊళ్లో నా పని ఇదే. బట్టల షాపులు, లాడ్జీలు, ట్యూషన్ సెంటర్లు, బిర్యానీ హోటళ్లు, అందరికీ మాటలు అమ్ముకుని బతుకుతున్నాను.

అప్పుడు ఒకావిడ కాలేజీకి పోయే కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. నేరుగా వాషింగ్ మెషీన్ల దగ్గరికి పోయి, ఒక మోడల్ ముందు నిలబడింది. సేల్స్ అబ్బాయి పరిగెత్తి "అక్కా, ఇది లేటెస్టు, ఇన్వర్టర్ మోటారు" అని మొదలుపెట్టాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"అవన్నీ చూసినాం నాయనా. మాకు బోరు నీళ్లు. ఉప్పు నీళ్లకు ఆరు నెల్లకే డ్రమ్ము తెల్లబడతాదని, నల్ల గుడ్డల మీద చారలు వస్తాయని రాసుండారు. నిజమేనా? అది చెప్పు."

"ఎవరో ఒకరిద్దరు రాసుంటారక్కా..."

"ఒకరిద్దరు కాదు" అంటూ కూతురు ఫోన్ తిప్పి చూపించింది. తొమ్మిదో పదో స్క్రీన్‌షాట్లు. అన్నీ మూడు స్టార్ల రివ్యూలే. అవే ఎందుకు దాచిందో నేనే ఉండబట్టలేక అడిగాను. "ఐదు స్టార్లు ఇచ్చేవాళ్లు కొన్న రోజే ఇస్తారంకుల్. ఒక స్టారు ఇచ్చేవాళ్లు కోపంలో ఇస్తారు. మూడు ఇచ్చినవాళ్లే వాడి చూసి రాస్తారు" అంది. పంతొమ్మిదేళ్లు కూడా ఉండవు ఆ పిల్లకు.

సేల్స్ అబ్బాయి ఓనరు వైపు చూశాడు. ఓనరు నా వైపు చూశాడు. నేను నా ఒళ్లోని కాగితం వైపు చూసుకున్నాను. అప్పటికి దాని మీద రాసిన లైను: "తళతళలాడే ఉతుకు, మీ ఇంటికి మహాలక్ష్మి అడుగు!"

ఆ రోజు వాళ్లు కొనలేదు. వాళ్లు మెట్లు దిగగానే ఓనరన్న మొదలుపెట్టాడు. "ఫోన్లొచ్చి జనం చెడిపోయినారు సామీ. చూసేది మన దగ్గర, కొనేది ఆన్‌లైన్లో. ఏం చెప్పినా నమ్మరు." ఆయన బాధలో నిజం ఉంది. అద్దె ఆయన కట్టాలి, కరెంటు బిల్లు ఆయన కట్టాలి. డబ్బా విప్పి, ప్లగ్గు పెట్టి చూపించేది ఆయన కుర్రాళ్లు. కొనేది మాత్రం ఎక్కడో. కానీ "జనం చెడిపోయినారు" అనే మాట దగ్గరే నాకు పేచీ.

మా తాత చిత్తూరు దగ్గరి పల్లెలో పాడి పెట్టుకుని బతికిన మనిషి. సంతలో ఆవును కొనాలంటే పళ్లు చూసేవాడు, సుళ్లు చూసేవాడు, పొదుగు తడిమేవాడు. రెండు పూటలు తన ఎదురుగా పాలు పిండితే గానీ బేరం మొదలుపెట్టేవాడు కాదు. అంతటితో ఆగేవాడా? అమ్మే రైతు ఊరు కనుక్కుని, ఆ ఊళ్లో టీ కొట్టు దగ్గర కూర్చుని, ఆ ఆవు తంతుందా, చేపుతుందా, ఈనిన దూడ బతికిందా అని పక్కవాళ్లను అడిగి వచ్చేవాడు. ఆ టీ కొట్టు దగ్గర మాటలే మూడు స్టార్ల రివ్యూలు. అమ్మేవాడు చెప్పింది నమ్మకుండా వాడినవాడిని అడిగి కొనడం మనకు కొత్తగా అబ్బిన రోగమేం కాదు. మిక్సీలు, టీవీలు, డబ్బాల్లో సరుకులు వచ్చాక, మధ్యలో ఒక ముప్పై నలభై ఏళ్లు మాత్రం అడగడానికి ఎవరూ దొరకలేదు. ఆ ఖాళీలో మాలాంటి రాతగాళ్లం బాగా బతికాం.

ఈ సంగతికి మార్కెటింగ్ వాళ్లు పెట్టుకున్న పేర్లున్నాయి. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ వాళ్లు 2005 ప్రాంతంలో "ఫస్ట్ మూమెంట్ ఆఫ్ ట్రూత్" అన్నారు. అంటే కొనేవాడు షాపులో అల్మరా ముందు నిలబడి డబ్బా వైపు చూసే ఆ కొద్ది సెకన్లు. 2011లో గూగుల్ వాళ్లు దానికి ముందు ఒక సున్నా పెట్టి "జీరో మూమెంట్" అన్నారు. షాపుకు రాకముందే, ఇంట్లో మంచం మీద పడుకుని ఫోన్లో వెతికే గడియ. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక ఆ గడియ మన పల్లెల్లోకి కూడా వచ్చింది. మా తాతకు ఈ పేర్లు చెప్పి ఉంటే నవ్వేవాడు.

పేర్ల సంగతి అలా ఉంచితే, దీనికి వెనకున్న కారణాన్ని అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకర్‌లాఫ్ 1970లోనే చెప్పాడు. పాత కార్లు అమ్మేవాడికి బండి లోపలి సంగతి తెలుసు, కొనేవాడికి తెలీదు. అందుకని కొనేవాడు మంచి బండికి కూడా మంచి ధర ఇవ్వడు. మంచి బండ్లవాళ్లు విసిగి మార్కెట్ వదిలేస్తారు, చెత్త మిగులుతుంది. 2001లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకడు. ఆయన చెప్పింది మాకు, అంటే రాతగాళ్లకు, ఎవరూ నేర్పలేదు. నేర్పి ఉంటే అర్థమయ్యేది: కొనేవాడికి తెలియనితనం ఉన్నంతకాలం మా రాతకు గిరాకీ. ఇప్పుడు ఆ తెలియనితనమే తగ్గిపోతోంది.

నా తప్పు ఒకటి చెప్తాను. బస్టాండు దగ్గర ఒక లాడ్జికి ఆన్‌లైన్లో పెట్టుకోవడానికి నాలుగు లైన్లు రాసిచ్చాను. అందులో మొదటిది "అలిపిరికి అడుగు దూరంలో". వినడానికి బాగుంది, అకారం మీద అకారం పడింది, ఓనరు మురిసిపోయి ఐదొందలు ఎక్కువ ఇచ్చాడు. మూడు నెలలకు ఒక రివ్యూ వచ్చింది. రాసినాయన తల్లికి డెబ్బై దాటాయట. నడక దారిలో కొండెక్కుతానని మొక్కుకుందట. అడుగు దూరమే కదా అని ఆటో ఎక్కకుండా తెల్లవారుజామున నడిపించాడట. కింద నా లైను ఫోటో తీసి పెట్టి, "ఇది రాసినవాళ్లు ఒకసారి నడిచి చూడండి" అన్నాడు.

నేను నడిచాను. నాలుగు కిలోమీటర్ల పైనే ఉంది. నాకు దాదాపు గంట పట్టింది, అదీ ఎండ రాకముందు. అక్కణ్ణుంచి పైకి 3,550 మెట్లు. అవి ఎక్కాల్సిన ముసలమ్మను నా ప్రాస కోసం కింద నాలుగు కిలోమీటర్లు నడిపించాను.

తిరుమలకు వచ్చేవాళ్ల సంగతి లాడ్జీల వాళ్లకు ఇంకా పూర్తిగా ఎక్కలేదు. మూడొందల దర్శనం టికెట్టును నెలల ముందే ఆన్‌లైన్లో పట్టుకునే మనిషి, రైలు టికెట్టు వెయిటింగ్ లిస్టు రోజూ చూసుకునే మనిషి, గదిని మాత్రం కళ్లు మూసుకుని తీసుకుంటాడా? మ్యాపులో దూరం కొలుస్తాడు. బాత్రూం ఫోటో పెద్దది చేసి చూస్తాడు. ఆ లాడ్జికి మళ్లీ రాశాను, ఈసారి డబ్బులు తీసుకోకుండా: "అలిపిరి నాలుగు కిలోమీటర్ల పైన, ఆటోలో పోవాలి. బస్టాండు నడిచే దూరం. లిఫ్టు లేదు, పెద్దవాళ్లుంటే కింది అంతస్తు గది ముందే అడగండి. వేడినీళ్లు తెల్లవారి 3 నుంచి 9 వరకే. రాత్రి ఎన్ని గంటలకు వచ్చినా గేటు తీస్తాం." ఓనరు మొహం మాడ్చుకున్నాడు. "లిఫ్టు లేదని మనమే చెప్పుకోవాలా?" అన్నాడు. లిఫ్టు లేదని అప్పటికే పదకొండు మంది రాసి ఉన్నారు. మనం చెప్పకపోతే అది దాచిపెట్టిన లోపం. మనమే చెప్తే, కింది అంతస్తు గది ఉందనే సమాచారం. ఫోన్లు కొంచెం తగ్గాయి గానీ, కౌంటరు దగ్గర గొడవలు బాగా తగ్గాయని ఆర్నెల్ల తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

ఇంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకోటి ఉంది. కొన్నేళ్ల కిందట ఒక హోటలాయన పదిహేను రివ్యూలు రాసిపెట్టమన్నాడు. రాశాను. ఒకటి ఇంజనీరింగ్ కుర్రాడిలా, ఒకటి రిటైరైన టీచరమ్మలా, ఒకటి హైదరాబాద్ నుంచి దర్శనానికి వచ్చిన కుటుంబంలా. మంచి నాటకం రాసినంత గర్వపడ్డాను. వారం తిరక్కుండా మా బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, ఆ హోటలు రివ్యూలు నువ్వే రాసినావు కదా?" నాకు గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. ఎట్లా తెలిసిందిరా అంటే, "పదిహేనింట్లోనూ 'మరియు' ఉండాది. 'రుచికరమైన మరియు శుభ్రమైన'. తిన్నోడు ఎవడైనా 'మరియు' అంటాడా బావా?"

వాడు చెప్పింది అక్షరాలా నిజం. మనుషులు "దోశ బాగుంది, చట్నీ కారం, పార్కింగ్ లేదు" అంటారు. పొగడ్త పక్కనే ఒక నస ఉంటుంది. నస లేని పొగడ్త ఎవడో డబ్బులు తీసుకుని రాసిందేనని జనానికి వాసన తెలిసిపోయింది. ఆ తర్వాత అలాంటి పని ఒప్పుకోలేదు. చట్టం కూడా ఈలోపు గట్టిపడింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమల్లోకి వచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల వరకు జరిమానా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. ఆన్‌లైన్ రివ్యూలు ఎలా సేకరించాలి, ఎలా వేయాలి అని భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. 2023 నవంబరు 30న కేంద్రం డార్క్ ప్యాటర్న్స్ అని పదమూడు రకాల మోసపు ఎత్తులను పేర్లతో సహా నిషేధించింది. ఆ జాబితాలో మొదటిది లేని తొందర పుట్టించడం. "ఈ రోజే ఆఖరు!" అని నెల రోజులు మైకులో తిప్పిన మాటలు నావి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటే భయమేస్తుంది.

అయితే చట్టం కంటే ముందే మనల్ని పట్టుకునేది కొనేవాడి చేతిలోని ఫోనే. గాంధీ రోడ్డులో ఒకసారి నా కళ్లతో చూశాను. అత్తాకోడళ్లు గాజులు కొంటున్నారు. అత్తగారు "ఈ షాపాయన మా నాయన కాలం నుంచి తెలుసులే" అంటోంది. కోడలు భూతద్దం అడిగి తీసుకుని, గాజు లోపల చెక్కిన ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ, అంటే ఆ నగ గుర్తింపు నంబరు చదివి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టింది. స్వచ్ఛత ఎంత, హాల్‌మార్క్ వేయించిన వ్యాపారి ఎవరు, ఏ సెంటర్లో వేశారు, అన్నీ వచ్చాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగకు ఆ నంబరు లేకుండా అమ్మకూడదు. అప్పుడు గోడ మీద చూస్తే "నమ్మకానికి మారుపేరు" అని నిలువెత్తు అక్షరాలు. ఈ మాట రాయని నగల షాపు నేనైతే చూడలేదు. నేనే ఒక అరడజను షాపులకు రాసిచ్చి ఉంటాను. ఆ నిలువెత్తు అక్షరాలను ఆ కోడలు తలెత్తి చూడను కూడా లేదు. కంటికి ఆనని ఆరు అక్షరాల కోసం మాత్రం భూతద్దం అడిగింది.

నా వాదన ఇక్కడుంది. కొనేవాడు సరిచూసుకోగలిగే మాట ఒక్కటి రాస్తే, సరిచూసుకోలేని మాటలు వంద రాసినా దానికి సాటిరావు. "కరెంటు ఆదా" అంటే ఎవరూ చదవరు. ఏసీ మీద స్టార్లుండే బీఈఈ లేబుల్‌లో ఏడాదికి ఇన్ని యూనిట్లని ఉంటుంది. అది 1600 గంటల వాడకానికి వేసిన లెక్క, అంటే రోజుకు 8 గంటల చొప్పున 200 రోజులు. మీరు ఎండాకాలం నాలుగు నెలలే, రాత్రిపూటే వేస్తారా, అయితే మీ లెక్క ఇది. షాపులో పగలంతా వేస్తారా, అయితే ఇది, అని రాస్తే జనం ఆగి చదువుతారు. నేను రాసి చూశాను, ఆ పాంప్లెట్‌ను ఒకాయన మడిచి జేబులో పెట్టుకున్నాడు. పాంప్లెట్‌ను జేబులో పెట్టుకోవడం పదిహేడేళ్లలో అదే మొదటిసారి చూడటం. మామూలుగా దాంట్లో బజ్జీలు కడతారు.

ఇది కొత్త విద్య కూడా కాదు. 1958లో డేవిడ్ ఓగిల్వీ రోల్స్‌రాయిస్ కారుకు రాసిన ప్రకటన మా వృత్తిలో అందరికీ తెలుసు. గంటకు 60 మైళ్ల వేగంలో ఆ కారులో వినిపించే పెద్ద శబ్దం లోపలి గడియారానిదేనని దాని తలకట్టు. ఆ మాట ఆయన సొంతం కాదు. ఒక మోటారు పత్రిక సాంకేతిక సంపాదకుడు కారును పరీక్షించి చెప్పింది. ఆ సంగతి ప్రకటనలో మొదటి పాయింటులోనే రాశాడు. బయటివాడు వాడి చూసి చెప్పిన మాటను తెచ్చి పైన పెట్టాడు. కింద వరసపెట్టి కారు గురించిన వివరాలు. "రాజసానికి ప్రతీక" అని రాసి ఊరుకోలేదు.

మన దగ్గరే చూడండి. శ్రీకాళహస్తి కలంకారీ చీర అని ఆన్‌లైన్లో కొడితే వచ్చేవాటిలో సగం స్క్రీన్ ప్రింట్లలా కనిపిస్తాయి. చేత్తో వేసేవాళ్లు పెట్టే పోస్టులో "అద్భుతమైన కలంకారీ కలెక్షన్, ధర కోసం ఇన్‌బాక్స్" అని ఉంటుంది. ప్రింటు అమ్మేవాడూ అదే రాస్తాడు. మరి తేడా ఎలా తెలియాలి? బట్టను కరక్కాయ పొడి, పాలు కలిపి నానబెడతారని, ఇనుము బెల్లం పులియబెట్టిన కసీం నీళ్లతో వెదురు కలం పెట్టి నల్ల గీత గీస్తారని, పటిక పెట్టి రంగు పట్టిస్తారని, అందుకే గీత ఒకచోట లావుగా ఒకచోట సన్నగా ఉంటుందని, ఒకే పువ్వు రెండుసార్లు అచ్చుగుద్దినట్టు రాదని రాస్తే చాలు. చదివినావిడ రెండు పువ్వుల ఫోటోలు పక్కపక్కన పెట్టి చూసుకుంటుంది. గీత తేడాగా ఉండటం ఇన్నాళ్లూ లోపం. ఇప్పుడు అదే సాక్ష్యం. ధర కూడా అక్కడే వేయండి. "ఇన్‌బాక్స్" అన్నారంటే ఏదో దాస్తున్నారనే అనుకుంటున్నారు జనం.

చిత్తూరు బెల్లానిదీ ఇదే కథ. నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో "పాలలా తెల్లని బెల్లం" అని రాస్తే మండీ వాళ్లు సంతోషించేవాళ్లు. ఆ తెలుపు కోసం వండేటప్పుడు హైడ్రోస్ అనే రసాయనం వేస్తారని జనం చదివేశాక అదే మాట ఎదురు తిరిగింది. ఇప్పుడు ముదురు రంగు బెల్లాన్ని "మందు వేయనిది" అని ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. నల్లగా ఉన్నంత మాత్రాన మందు లేదని రుజువు కాదు లెండి. చదువుకున్న కొనుగోలుదారుకు తగ్గట్టు అబద్ధం కూడా చదువుకుంటుంది.

తెలుగు రాతలో ఇంకో చిక్కుంది, అది మా తప్పే. పెద్ద కంపెనీల నుంచి వచ్చే తెలుగు ప్రకటనలు చూస్తే ఏ భాషలోంచో మోసుకొచ్చినట్టు ఉంటాయి. "అసమానమైన పనితీరును అనుభవించండి" అట. మనిషి ఫోన్లో ఏమని వెతుకుతాడు? "గ్రైండర్ శబ్దం ఎక్కువ వస్తే", "ఫ్రిజ్ కింద నీళ్లు", "ఈ కంపెనీ సర్వీస్ సెంటర్ తిరుపతిలో ఉందా". వెతికేదంతా భయాల భాషలో, మేం రాసేదంతా పొగడ్తల భాషలో. రెండూ ఎక్కడా కలవవు. ఆ చివరి ప్రశ్న మన ఊళ్లో మరీ ముఖ్యం. పాడైతే చెన్నైకి పంపాలంటారా, నెల పడుతుందా, ఇక్కడే బాగుచేసే మనిషి ఉన్నాడా? "ఫలానా వీధిలో సర్వీస్ సెంటర్, ఫోన్ చేస్తే రెండు రోజుల్లో మనిషి వస్తాడు" అనే ఒక్క లైను సినిమా హీరో బొమ్మ కంటే ఎక్కువ అమ్ముతుంది. రెండు రోజుల్లో రాకపోతే మాత్రం రాయకండి.

ఇంత చెప్పినా, వెతికి కొనేవాళ్లంతా తెలివిగా కొంటారని నేను అనను. మా ఇంట్లోనే రెండు వేల మిక్సీకి మూడు వారాలు వీడియోలు చూశాం. అదే లక్షలు పోసే చీటీకి పక్కింటాయన "నేనూ కడుతున్నాలే" అన్న మాట సరిపోయింది. పైగా ఆ వీడియోలు చేసేవాళ్లలో ఎవరికి కంపెనీ డబ్బులిచ్చిందో చూసేవాడికి తెలియదు. ఇచ్చి ఉంటే చెప్పాలని నిబంధన ఉంది, చెప్పేవాళ్లు దాన్ని వీడియో కింది వివరాల్లో, "ఇంకా చదవండి" నొక్కితే గానీ కనపడని చోట పెడతారు. వెతకడం అనేది ఒక్కోసారి ముందే మనసు పడ్డదానికి సాకులు ఏరుకోవడమే. మా తాత కూడా ఒకసారి సుళ్లన్నీ చూసి కొన్న ఆవు తన్ని కాలు వాచి మంచమెక్కాడు.

ఆ తల్లీకూతుళ్లు నాలుగు రోజులకు మళ్లీ వచ్చారు. ఈలోపు నేను ఆ కంపెనీ సర్వీస్ కుర్రాడిని పట్టుకుని టీ ఇప్పించి అడిగి ఉన్నాను. తెల్ల పొర వచ్చేది నిజమే. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే ఏ మెషీన్‌కైనా వస్తుంది, వేడినీళ్లతో ఉతికితే ఇంకా త్వరగా పేరుకుంటుంది. నెలకోసారి పొడి వేసి ఖాళీగా తిప్పాలి, లేదా నీళ్లు వచ్చే పైపుకు ఫిల్టరు పెట్టుకోవాలి. దానికయ్యే ఖర్చు ఎంతో కూడా చెప్పాడు. ఆవిడకు అదే చెప్పాం. ఆవిడ "పైపు ఫిల్టరు మీ దగ్గరుందా?" అని అడిగి, మెషీనూ ఫిల్టరూ రెండూ బుక్ చేసి పోయింది. ఆన్‌లైన్లో ధర ఐదారొందలు తక్కువ ఉందని కూతురు గొణిగింది. "ఉండనీలే, రేపు చారలొస్తే యాడికి పోయి అడగాల?" అంది తల్లి.

అదే రోజు సాయంత్రం మహాలక్ష్మిని కొట్టేసి ఫ్లెక్సీ కొత్తగా రాశాను. "బోరు నీళ్లకు ఏ వాషింగ్ మెషీన్‌లోనైనా తెల్ల పొర వస్తుంది. మా దగ్గర కొంటే, రాకుండా ఏం చేయాలో ఇంటికొచ్చి చూపించి పోతాం." కింద ఫిల్టరు ధర, నెల ఖర్చు, షాపు ఫోన్ నంబరు. ఓనరన్న కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"బాగుంది సామీ" అన్నాడు. "ఆ మొదటి లైను మాత్రం కొంచెం చిన్న అక్షరాల్లో పెట్టు."